అప్‌డేట్: ప్లేట్‌లెట్ జన్యు పరీక్ష గురించి అడిగిన ప్రశ్న

మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చినందున, నా జన్యు పరీక్షలో తేలిన ‘పీఎల్‌ఏ2’ అనే ప్లేట్‌లెట్ జన్యు రూపానికి, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ మొదలుపెట్టాలా అని గత నెల అడిగాను. నిన్న కార్డియాలజిస్టు గారిని కలిశాను. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికించే గ్రాహకంలో (ప్లేట్‌లెట్ పైనుండే ప్రోటీన్), 33వ స్థానాన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ ఉండటమే ఈ తేడా అని ఆయన మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించారు. 1996లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు దీనిని గుండె జబ్బు రోగుల్లో 39.4 శాతం మందిలోనూ, పోల్చి చూసిన ఇతరుల్లో 19.1 శాతం మందిలోనూ గుర్తించినప్పటికీ (నేను బెదిరింది ఈ అంకెలకే), అది 139 మందితో చేసిన చిన్న అధ్యయనమనీ, మరుసటి ఏడాది అమెరికా వైద్యులపై వెలువడిన పెద్ద అధ్యయనంలో గుండెపోటుతో ఆ సంబంధం కనబడలేదనీ వివరించారు. ఆస్పిరిన్ ప్రస్తుతం నాకు అక్కరలేదన్నారు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 అని ఉన్న కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివారు.