సమస్య: కాలమును దాచవచ్చును గాదెయందు

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ సమస్య చివరి పాదంగా వచ్చేలా తేటగీతి ఛందస్సులో పద్యం పూరించండి. ఇంగ్లిషువారు సమయాన్ని ‘సేవ్’ చేస్తారు, ‘స్పెండ్’ చేస్తారు, ‘సెట్ అసైడ్’ అని పక్కన తీసిపెడతారు. అంతా డబ్బు లెక్కే. మనం ‘తీరిక చేసుకొని రండి’ అంటాం. ‘తీరు’ నుంచి తీరిక. పని తీరాకే దొరికేది. ఈ తేడా పద్యంలో పలికితే సంతోషిస్తాను.

రైతు, చిత్తూరు:
విత్తనపు గింజ ముందుగా వేరుచేసి
తినక దాచిన రైతుకే తెలియు నిజము
వచ్చు నేడాది పంట యా వడ్లె సుమ్ము
కాలమును దాచవచ్చును గాదెయందు

నిర్వాహకుడు:
యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతపడే అక్షరాలు, కుదిరాయి. తినకముందే తీసిపెట్టడం, అదే అసలు సంగతి! శ్రీవారి ముడుపూ అంతే: ముందుగా పసుపు గుడ్డలో ముడివేస్తాం, ఖర్చులు పోగా మిగిలింది కాదు. కానీ గాదెలో చేరినవి వడ్లే. కాలం ధ్వనిగానే, అంటే సూచనగానే నిలిచింది.

రైతు:
నిజమే. మా మెట్టలో వేరుశనగ విత్తనాన్ని గోతాల్లో కట్టిపెడతాం. గాదె కోసం వడ్లను తెచ్చాను.

ఉపాధ్యాయిని, తిరుపతి:
ఆంగ్ల భాషలోఁ గాలమే యర్థ మగును
పొదుపు సేయుదు రప్పుగాఁ బుచ్చుకొంద్రు
తీరికే లేద టంచును దిగులు వలదు
కాలమును దాచవచ్చును గాదె యందు

నిర్వాహకుడు:
అమ్మా, ఎంత చక్కని విరుపు! ఇక్కడ గాదె ధాన్యపు గాదె కాదు. ‘వచ్చును కాదె’లో ద్రుతం, అంటే చివరి ‘ను’, మీది పరుషం ‘క’ సరళమై ‘గ’ అయింది, ‘అందు’ అంటే ‘అంటాను’. ‘అర్థం’లో ధనమూ ధ్వనించింది. రెండో పాదం మాత్రం నాకు నచ్చలేదు. ‘బారోడ్ టైమ్’ అంటే ఆయువు తీరాక కూడా దక్కుతున్న రోజులు. దానికీ సమయం కేటాయించడానికీ పొత్తు లేదు. ‘పొదుపు సేయుదు రొకవైపు పొందుపఱచి’ అంటే ‘సెట్ అసైడ్’ కూడా వస్తుంది.

ఉపాధ్యాయిని:
సవరణ స్వీకరించానండి. ఆ మాట అసలు అర్థం నాకు తట్టలేదు.

విద్యార్థి, శ్రీకాళహస్తి:
రాగి రేకులఁ జెక్కిన రాగ మెల్ల
రాతి గదిలోన నేండ్లుగా రక్షిత మయె
అన్నమయ్యదౌ నాఁటి పూ టందె నేఁడు
కాలమును దాచవచ్చును గాదెయందు

మాస్టారూ, మూడో పాదంలో యతి సరిపోయిందా?

నిర్వాహకుడు:
సరిపోయింది బాబూ. ‘పూట’, ‘అందె’ కలిశాయి, అచ్చుకు అచ్చు. అన్నమయ్య పాటల రాగి రేకులు దాచిన రాతి గదిని, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారాన్ని గాదె అన్నావు, ఒళ్లు పులకరించింది. 1503లో కన్నుమూసిన కవి పూట అక్కడ వడ్లగింజలా భద్రంగా ఉండి మనకు అందింది. ‘రక్షిత మయె’ కాస్త బిగుసుకుంది. ‘రక్ష నొందె’ అని మార్చి మళ్లీ పంపు.