విదేశీ అతిథికి హైదరాబాద్ రోజువారీ జీవితాన్ని ఒక్క రోజులో ఎలా చూపించాలి?

ప్రశ్న (సికింద్రాబాద్ వాసి)

అందరికీ నమస్కారం. జర్మనీ నుంచి మా కార్యాలయానికి వచ్చిన సహోద్యోగిని ఒకరు వచ్చే శనివారం రోజంతా నాతో ఊళ్లో తిరగాలని కోరారు. గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం ఆమె ఇదివరకే చూశారు. ఇక్కడి మనుషులు పొద్దున లేచింది మొదలు ఏం కొంటారో, ఏం తింటారో, ఎలా పని చేసుకుంటారో చూడాలన్నది ఆమె కోరిక. ఆ మాట నాకు సంతోషం కలిగించినా, మనసులో ఒక సంకోచం ఉంది. రెండేళ్ల క్రితం మరొక అతిథిని పాతబస్తీలోని ఒక లక్క గాజుల కార్ఖానాకు తీసుకువెళ్లాను. ఆయన గడపలోనే నిలబడి వరసగా ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. లోపల లక్క సాగదీస్తున్న పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుని పని చేసుకున్నారు. ముందుగా అనుమతి అడగాలని అతిథికి చెప్పవలసిన బాధ్యత నాది. ఈసారి ఎవరినీ నొప్పించకుండా, ఆమెకూ అసలైన అనుభవం దక్కేలా ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం తినిపించాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినవాడిని)

ఆ పెద్దాయన ముఖం తిప్పుకోవడానికి కెమెరా ఒక్కటే కారణం కాకపోవచ్చునండీ. లక్క వేడిగా ఉన్నంతసేపే చెప్పినట్టు వింటుంది. బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన ముద్దను సన్నగా సాగదీసి, కొలతకు తగ్గట్టు గుండ్రంగా వంచి, బిగుసుకుపోయేలోపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. అప్పుడు పలకరింపుకు చేయి ఆగినా ఆ గాజు చెడిపోతుంది. అందువల్ల కార్ఖానాతో మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు చార్మినార్ పక్కన గాజులకు పేరుపడ్డ లాడ్ బజార్‌లో ఒక దుకాణంలో తీరికగా కూర్చోండి, ఆమెను గాజులు కొనుక్కోమనండి. దుకాణదారు ఆమె బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర చేయి పట్టి చూసి, ‘రెండు ఆరు’ అనో ‘రెండు ఎనిమిది’ అనో కొలత చెబుతాడు. రెండు ఆరు అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులని అర్థం. అంగుళాన్ని పదహారు భాగాలు చేసే ఈ పాత లెక్క గాజుల అంగళ్లలో ఇప్పటికీ నడుస్తోందని ఆమెకు వివరించండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన సంగతి కూడా చెప్పవచ్చు, కానీ నా దృష్టిలో చేతికి తొడిగే ఆ రెండు నిమిషాలే ముఖ్యం. గాజులు తొడిగించుకున్నాక ‘ఇవి చేసే చోటు చూడవచ్చా’ అని అడగండి. మా ఇంటికి వచ్చిన బంధువులు అలా అడిగినప్పుడు దుకాణంవాళ్లే కుర్రవాడిని తోడిచ్చి పంపారు. అలా వెళ్లినవారిని లోపల కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఆ బజారు పదకొండు దాటితే గాని పూర్తిగా తెరుచుకోదు. సాయంత్రమైతే నిలబడడానికి కూడా చోటుండదు.

సమాధానం 2 (మారేడ్‌పల్లి గృహిణి)

మీరు సికింద్రాబాద్‌లోనే ఉంటారు కనుక తెల్లవారగానే మోండా మార్కెట్‌కు తీసుకువెళ్లండి. చేతిలో సంచి ఉండాలి, నిజంగానే మీ ఇంటికి కూరగాయలు కొనాలి. ఏమీ కొనకుండా గుట్టల మధ్య తిరిగేవారు బేరానికి వచ్చినవారికి అడ్డమవుతారు. కిందటి ఏడాది మా అబ్బాయి స్నేహితురాలు, ఫ్రాన్స్ అమ్మాయి, మల్లెపూలు కొంటానంది. పూలామె మోచేతి నుంచి వేలి కొస వరకు దండ సాచి మూర కొలిచింది. పక్కనున్న ఆవిడ ‘నీ చెయ్యి పొట్టిది, ఆ పిల్ల చేత్తో కొలువు’ అని వాదనకు దిగింది. చివరకు ఆ అమ్మాయి పొడవాటి చేత్తోనే కొలిచి ఇచ్చింది. ఆ పూలు వాడిపోయినా పారేయకుండా పుస్తకంలో పెట్టుకుని తీసుకువెళ్లింది.

అక్కడి నుంచి పాతబస్తీకి కారులో వెళ్లకండి, సిటీ బస్సు ఎక్కండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, ముందు సీట్లలోని ఆడవాళ్లందరి చేతుల్లో జీరో టికెట్లు కనిపిస్తాయి. మీ అతిథి మాత్రం డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి. ఎందుకని ఆమె అడిగితే, పక్క సీటులోని ఆవిడ చేతే చెప్పించండి, మీరు అనువదించండి. ఇళ్లలో పనికి వెళ్లేవారు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు ఆ ఛార్జీ డబ్బు దేనికి మిగులుతోందో తమంతట తామే చెబుతారు.

సమాధానం 3

తిండి విషయం మాత్రమే చెబుతాను. ఎదురుగా పెనం మీదో, ఆవిరి మీదో తయారై వేడిగా చేతికి వచ్చేవి పెట్టండి. కోసి ఉంచిన పండ్లు, మంచుగడ్డ వేసిన రసాలు, బండి మీది పచ్చి చట్నీ వద్దు. చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్‌లో చాయ్ తాగేటప్పుడు వంటగది వైపు కనిపించే చోట కూర్చోండి. డికాషన్ ఒక గిన్నెలో మూత బిగించి సన్నటి సెగ మీద చాలాసేపు మరుగుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. తోడుగా ఉస్మానియా బిస్కట్ తీసుకోండి, అందులో తీపితోపాటు ఉప్పు కూడా ఎందుకు తగులుతుందో ఆమే అడుగుతారు. మక్కా మసీదుకు వెళ్లే ఉద్దేశం ఉంటే తల కప్పుకోవడానికి ఒక దుపట్టా వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉదయం ఆరున్నరకు మోండా, మా ఇంట్లో కూరగాయలు దించి టిఫిన్, అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ వరకు బస్సు, ఆపై నయాపూల్ దాటి పత్తర్‌గట్టి మీదుగా నడక అని నిశ్చయించుకున్నాను. చాయ్ తాగి లేచేసరికి లాడ్ బజార్ తెరిచే వేళ అవుతుంది. మధ్యాహ్నం తరువాత దేనికీ సమయం కేటాయించలేదు. కార్ఖానాలో పనిచేసేవారు తామే తీయమంటే తప్ప కెమెరా సంచిలోనే ఉంటుందని ఆమె నిన్న ఒప్పుకున్నారు. గాజుల కొలత సంగతి చెప్పగానే కొలబద్ద తెచ్చి తన కణుపులు కొలుచుకోవడం మొదలుపెట్టారు. తనది రెండు ఎనిమిది అయి ఉండాలని అంటున్నారు.