అంబాసిడర్ వేడెక్కాక ఆగిపోతోంది: పెట్రోలా, కరెంటా?

గోదారి_అంబి:
నాన్నగారి 1988 అంబాసిడర్, పెట్రోలు బండి. పొద్దున్నే చోక్ లాగి సెల్ఫ్ కొడితే చక్కగా అందుకుంటుందండి. రాజమండ్రిలో బయల్దేరి ముప్పావుగంట నడిచిందో లేదో హైవే మీద ఆగిపోతోంది. ఇరవై నిమిషాలు చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టు. కాయిల్, ప్లగ్గులు మార్చాం, కార్బురేటర్ కడిగించాం. నాలుగు వేలు దాటింది. ఇంకెక్కడ చూడమంటారు?

డిపో_బాబాయ్:
చూడ్డానికేముంది బాబూ, ఎయిర్ లాక్. నీ బండికి పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. రోహిణి కార్తె ఎండకి పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. ఇక పంపు ఆవిరిని నములుతుంది గానీ పెట్రోలు లాగలేదు. పైగా ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. పంపు మీద తడిగుడ్డ వెయ్యి, లేస్తుంది. ముప్పై రెండేళ్ళు ఆర్టీసీ డిపోలో చేశాను, నా మాట విను.

పాయింట్_గ్యాప్:
ముందు ఒకటి చెప్పండి అంబి గారూ. దగ్గుతూ, గుంజుకుంటూ ఆగిందా, తాళం తిప్పేసినట్టు ఠక్కున ఆగిందా? పెట్రోలు అందకపోతే కార్బురేటర్లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్లో మిగిలింది అయ్యేదాకా ఈడ్చుకుంటూ పోతుంది. కరెంటు పోతే ఒక్కసారే.

ఈసారి ఆగినప్పుడు చల్లారనివ్వకండి. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వచ్చే కాయిల్ వైరు పీకి, రబ్బరు పిడి ప్లయరుతో పట్టుకుని, ఇంజను బాడీకి పావంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోలు వాసన కొడుతుంటే మాత్రం ఈ పని వద్దు. నీలంగా పటపటలాడితే బాబాయ్ గారు చెప్పిన దారి. పసుపుగా సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా లోపం పాయింట్లదో, కండెన్సర్‌దో: డిస్ట్రిబ్యూటర్లో కాయిల్ కరెంటుని తెంచి కలిపేవి పాయింట్లు, అవి మాడకుండా కాపాడేది కండెన్సర్.

నల్లగొండ_నవీన్:
అన్నా, ట్యాంకు మూత తీసి చూసినవా? మా మారుతి 800కు మూతల గాలి రంధ్రం పూడుకపోయి గిట్లనే ఆగేది. మూత తీస్తే సుయ్యిమని గాలి గుంజుతది.

గోదారి_అంబి:
మూత తీశానండి, చప్పుడేమీ లేదు. ఆగడం మాత్రం ఠక్కునే. నిన్న మళ్ళీ ఆగింది. ఒక్కణ్ణే ఉన్నాను, స్పార్కు చూడ్డం కుదర్లేదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే పదిహేను నిమిషాలకి లేచింది.

డిపో_బాబాయ్:
లేచిందిగా! ఇంకేం సాక్ష్యం కావాలి?

పాయింట్_గ్యాప్:
గుడ్డ లేకపోయినా ఇరవైకి లేస్తోంది కదా బాబాయ్ గారూ. బానెట్ ఎత్తాక పంపుతో పాటు అన్నీ చల్లారతాయి. ఆ గుడ్డ వల్ల ఏం తేలింది?

డిపో_బాబాయ్:
ఐదు నిమిషాలు తేడా కాదా?

వైజాగ్_వినయ్:
రెండు గుడ్డలు వేస్తే పది నిమిషాలకే లేస్తుందేమో 😀

డిపో_బాబాయ్:
నవ్వండి నాయనా. మేం గుడ్డతోనే బళ్ళు ఇంటికి చేర్చాం.

పాయింట్_గ్యాప్:
ఆర్టీసీ బస్సులు డీజిలువి. వాటికి ప్లగ్గులూ పాయింట్లూ ఉండవు. ముప్పై రెండేళ్ళ అనుభవం ఇక్కడ ఎలా పనికొస్తుందో నాకర్థం కాలేదు.

డిపో_బాబాయ్:
డిపో జీపు పెట్రోలుదే. దాని పాయింట్లు సిగరెట్ పెట్టె అట్టముక్కతో గ్యాపు చూసి పెట్టేవాణ్ణి, ఏనాడూ దారిలో ఆగలేదు. మీ సంగతి నాకు తెలుసులే. నిరుడు నా స్కూటరుకి మీటరు పెట్టి కాయిల్ పోయిందన్నాడు ఒక షాపు కుర్రాడు. 1,800 గుంజాడు. తీరా చూస్తే ప్లగ్ క్యాప్ వదులు! అప్పట్నుంచి మీటరు పట్టుకున్నవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పాయింట్_గ్యాప్:
నేను మీటరన్న మాటే ఎత్తలేదు, స్పార్కు కళ్ళతో చూడమన్నాను. కండెన్సర్ దగ్గర మీటరే బోల్తా పడుతుంది. 0.2 మైక్రోఫారడ్ దగ్గర్లో చూపించి బాగుందంటుంది. పాయింట్లు విడిపోయే క్షణంలో దానిమీద మూడొందల వోల్టుల దాకా పడుతుంది. మీటరులో ఉన్నది తొమ్మిది వోల్టుల బ్యాటరీ. వేడికి లోపలి ఇన్సులేషన్ వదిలేస్తే ఆ మీటరుకేం తెలుస్తుంది? అనుమానమొస్తే వేరేది వేసి చూడ్డమే.

అంబి గారూ, పాయింట్లు, కండెన్సర్ ఎప్పుడు మార్చారు?

గోదారి_అంబి:
సంక్రాంతికి సర్వీసింగులో. రెండూ కొత్తవే, అందుకే రాయలేదు.

పాయింట్_గ్యాప్:
సంక్రాంతికి ముందు ఎప్పుడైనా ఆగిందా?

గోదారి_అంబి:
లేదండి.

పాయింట్_గ్యాప్:
ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే ఇంత రామాయణం ఉండేది కాదు! కొత్తదైనంత మాత్రాన మంచిదని ఎవరన్నారు?

గోదారి_అంబి:
చెప్పకపోవడానికి కారణముందండి. అవి వేసింది మా మెకానిక్ గారు. నాన్నకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. ఈ బండి మీద ఇంకో చెయ్యి పడలేదు. ఆయన బిగించింది నేను విప్పితే నాన్న ఊరుకోరు.

డిపో_బాబాయ్:
నాకూ ఆ అనుమానం రాకపోలేదు. సామాను పాడైతే తిట్లు పడేది చేతికే బాబూ. అందుకే చేసినవాడి మీదకి పోకముందు మిగతావన్నీ చూడమంటాను.

పాయింట్_గ్యాప్:
నేనన్నది సామానుని, ఆయన పనిని కాదు.

డిపో_బాబాయ్:
బండి యజమానికి రెండూ ఒకటే. నువ్వెప్పుడూ గ్యారేజీ నడపలేదు.

గోదారి_అంబి:
ఆదివారం నాన్న నిద్రపోతుంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. పాయింట్లు నీలంగా మాడి, ఒకదానిమీద గుంట, రెండోదానిమీద బొడిపె. టూల్ బాక్సులో తీసి పడేసిన పాత కండెన్సర్ ఉంటే అదే బిగించాను. పాయింట్లు రుద్ది ఫీలర్ గేజితో గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) పెట్టాను. తుని దాకా వెళ్ళొచ్చా, ఆగలేదు. నాన్నకి చెప్పలేదు.

పాయింట్_గ్యాప్:
🙏

డిపో_బాబాయ్:
ఆదివారం మబ్బు పట్టింది. ఎండ కాయనీ, అప్పుడు చూద్దాం. ఆ కొత్త కండెన్సర్‌ని పారెయ్యకు. మీ నాన్న లేనప్పుడు తీసుకెళ్ళి ఆ మెకానిక్ చేతికే ఇవ్వు.