క్లిసోన్ గోడ దూకడం ద్రోహమా, కాదా?

కోటబురుజు: ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీకి డ్యూక్ మూడో జాన్ 1341లో పిల్లల్లేకుండా పోయాడు. గద్దెకి ఇద్దరు పోటీ: తమ్ముడి కూతురు జీన్ ద పాంతియేవ్ర్, సవతి తమ్ముడు జాన్ ద మోంఫోర్. జీన్ భర్త షార్ల్ ద బ్లువా వెనక ఫ్రాన్స్, మోంఫోర్ వెనక ఇంగ్లండ్. బ్రిటనీ ప్రభువు ఒలీవియే ద క్లిసోన్ ఇంగ్లండులో పెరిగి, మోంఫోర్ కొడుకు నాలుగో జాన్ తరఫున 1364లో ఓరే దగ్గర పోరాడి కన్ను పోగొట్టుకున్నాడు. షార్ల్ అక్కడే చచ్చాడు. నాలుగో జాన్ గెలిచి డ్యూక్ అయ్యాడు. ఆరేళ్లకే, 1370లో, ఈ పెద్దమనిషి క్లిసోన్ ఫ్రెంచ్ సేనాని డు గెక్లాన్‌తో ఒప్పందం రాసుకుని ఫ్రాన్స్ వైపు దూకాడు. దీన్ని ద్రోహం అనక ఏమంటారు?

పాతకాగితం: ఇంగ్లండులో ఎందుకు పెరిగాడో చెప్పరేం? 1343లో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ అతని తండ్రి తల పారిస్‌లో నరికించి బ్రిటనీలోని నాంట్‌కి పంపాడు. తల్లి పిల్లాణ్ణి తీసుకుని సముద్రం దాటింది. అది మోంఫోర్ మీద ప్రేమ కాదు. ఇక గెలిచాక డ్యూక్ చేసిందేమిటి? భూములు, కోటలు ఇంగ్లిష్ కెప్టెన్లకి పంచాడు. క్లిసోన్ అడిగిన గావ్ర్ కోట ఆ కెప్టెన్లలో ఒకడైన చాండోస్‌కి పోయింది. క్లిసోన్ దాన్ని తగలబెట్టి రాళ్లు తన బ్లాన్ కోటకి మోయించాడని చెబుతారు.

రాళ్లపని: కోట మొత్తం ఎవరూ మోయరండీ. చెక్కిన మూలరాళ్లు, గుమ్మం, కిటికీల రాళ్లు బండ్ల మీద వెళ్తాయి, మళ్లీ చెక్కే కూలి మిగులుతుంది కాబట్టి. గోడ మధ్యలో నింపే ముడిరాళ్లు బ్లాన్‌లోనే దొరుకుతాయి.

కోటబురుజు: రాళ్ల గోల తర్వాత. ఎస్టేటు దక్కలేదని పక్షం మార్చినవాడికి మీరు కారణాలు వెతుకుతున్నారు.

సూటిమాట: తమాషా చూడండి. మగవారసత్వం మీద రాజైన ఫిలిప్ ఇక్కడ ఆడపిల్ల హక్కుకి కొమ్ముకాశాడు. తల్లి తరఫున ఫ్రాన్స్ గద్దె అడిగిన ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ మగవాణ్ణి సమర్థించాడు.

పాతకాగితం: ద్రోహమే కావాలంటే 1387 చూడండి. బ్రిటనీలోని వాన్ ఊళ్లో కడుతున్న కొత్త కోట చూసి సలహా చెప్పమని డ్యూక్ పిలిచాడు. క్లిసోన్ బురుజులోకి వెళ్లగానే తలుపులు పడ్డాయి. అప్పటికి అతను ఫ్రాన్స్ సేనాధిపతి, ఇంగ్లండ్ మీదికి పోవాల్సిన దండు సిద్ధం చేస్తున్నాడు. లక్ష ఫ్రాంకులూ కోటలూ ఇస్తే గానీ వదల్లేదు. దండయాత్ర గాల్లో కలిసింది. మీరు దీని మీద ఒక్క ముక్క రాయలేదు.

కోటబురుజు: రాస్తాను, వినే ఓపిక ఉంటే. గత చర్చలోనూ సగం చదివి ఎగిరిపడ్డారు. ఇంగ్లండులో బందీగా ఉన్న షార్ల్ కొడుక్కి విడుదల డబ్బు కట్టడానికి, కూతురు మార్గరెట్‌ని ఇచ్చి పెళ్లి చేయడానికి క్లిసోన్ అప్పటికే పావులు కదుపుతున్నాడు. 1388లో పెళ్లి చేశాడు కూడా. తను ఎవర్ని ఓడించాడో ఆ ఇంటికే వియ్యంకుడయ్యాడు! 1365 గెరాండ్ సంధితో తేలిన గద్దె తగువుని మళ్లీ తోడడం కాదా?

పాతకాగితం: తేలిందని మీరంటున్నారు. బ్రిటనీ ఆచారంలో కూతురు చనిపోయిన తండ్రి స్థానంలో నిలుస్తుంది. జీన్ తండ్రి గీ పెద్దవాడు, మోంఫోర్ అందరికంటే చిన్నవాడు. 1341 సెప్టెంబరులో కాన్‌ఫ్లాన్‌లో ఫ్రాన్స్ రాజు తీర్పు వచ్చింది కూడా ఆమె పక్షానికే. ఓరేలో కత్తి గెలిచింది, హక్కు కాదు.

కోటబురుజు: అదీ అసలు సంగతి! మీ గొడవ క్లిసోన్ గురించి కాదు, మోంఫోర్లు గద్దెక్కడమే మీకు మింగుడుపడదు. సంధి మీద ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి.

పాతకాగితం: ఒప్పుకున్న షరతు చదవండి: ఇంట్లో మగవారసుడు ఉండగా ఆడవాళ్లకి గద్దె లేదు, మోంఫోర్లకి మగపిల్లలు లేకపోతే పాంతియేవ్ర్ వంశానికి. మరి 1488లో మోంఫోర్ల ఆడపిల్ల ఆన్ ఎలా డచెస్ అయింది?

కోటబురుజు: 1420లో అదే మార్గరెట్, ఆమె కొడుకులు డ్యూక్ అయిదో జాన్‌ని ఎత్తుకెళ్లి నిర్బంధించి, తమ ఆస్తులు జప్తు చేయించుకున్నారు. హక్కు అక్కడే పోయింది.

పాతకాగితం: పోయిన హక్కుని 1480లో ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ పాంతియేవ్ర్ వారసురాలి దగ్గర డబ్బిచ్చి ఎందుకు కొన్నాడు మరి?

రాళ్లపని: బ్లాన్ ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, చెక్కిన రాయి వేరేగా తెలుస్తుంది.