పర్సనల్ ట్రైనర్‌కి పెట్టే డబ్బు దండగా? వాడినవాళ్లు చెప్పండి

మియాపూర్ మూర్తి:
వయసు 43, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, బీపీ మాత్ర వాడుతున్నాను. జిమ్‌లో చేరానో లేదో, పర్సనల్ ట్రైనింగ్ తీసుకోమని వెంటపడుతున్నారు. ఏడాదికి ఒకేసారి కడితే డిస్కౌంట్ అట. జిమ్‌లో అందరినీ చూసుకునే ఫ్లోర్ ట్రైనర్ ఉండగా ఇంకో మనిషి ఎందుకు?

బెంచ్‌ప్రెస్ బాబాయ్:
ఏడాదికి మాత్రం కట్టకండి. నాకు బాగా కుదిరిన కుర్రాడు వేరే బ్రాంచికి వెళ్లిపోతే, మిగిలిన సెషన్లకు ముక్కూమొహం తెలియని వాడిని అంటగట్టారు. నెలనెలా కట్టేలా మాట్లాడుకోండి. ఇక ఫ్లోర్ ట్రైనర్ అంటారా, సాయంత్రం రద్దీలో అంతమందిని చూసేవాడు మీ నడుం ఎలా వంగుతోందో ఎక్కడ చూస్తాడు?

శ్రావణి_వైజాగ్:
మా ట్రైనర్ మొదట్లో నన్ను బరువే ముట్టుకోనివ్వలేదు. వీపు వెనక ఓ కర్ర నిలువుగా పట్టుకోమంది. అది తలకి, వీపుకి, నడుం కింద ఎముకకి తాకుతూనే ఉండాలి, అలా తుంటి దగ్గర వంగాలి. కర్ర ఎక్కడ వదిలినా మళ్లీ మొదటికే. విసుగొచ్చేది గానీ, నేల మీది బరువు పైకెత్తే డెడ్‌లిఫ్ట్‌కి వచ్చేసరికి వెన్ను నిటారుగా ఉంచడం అలవాటైపోయింది. ఎంత బరువు, ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు ఎత్తాను) అన్నది ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసి, దాన్ని బట్టే కొంచెం కొంచెం పెంచేది. ఏమీ రాసుకోకుండా ఫోన్ చూస్తూ "ఇంకో రెండు, ఇంకో రెండు" అనే మనిషికి డబ్బులెందుకు?

తెనాలి తమ్ముడు:
మా ట్రైనర్ ధ్యాసంతా ప్రొటీన్ పౌడర్ డబ్బాలు అమ్మడం మీదే. మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. బరువులెత్తేవాళ్లకి ఇంకాస్త కావాలి, కాదనను. కానీ గుడ్డుకి 6 గ్రాములు, ఎండు మీల్‌మేకర్ 100 గ్రాములకి 50 దాకా వస్తుంటే మొదటి వారమే డబ్బా కొనిపించడం ఏంటన్నా?

కోచ్_నిజాంపేట:
నేనూ ట్రైనర్‌నే. ఆ డబ్బాల మీద మాకు కమిషన్ ఉంటుంది, నిజమే. చాలాచోట్ల ఫీజులో పెద్ద వాటా జిమ్‌కే పోతుంది, డబ్బాలు అమ్మితేనే గిట్టుబాటు. అది అలా ఉంచండి.
మూర్తిగారూ, ముందు మీ డాక్టర్‌ని అడగండి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎత్తేటప్పుడు గాలి వదలాలి. మీ మాత్ర బీటా బ్లాకర్ అయితే గుండె వేగం అంతగా పెరగదు, కాబట్టి వాచీలో అంకె చూసి "ఇంకా గట్టిగా చేయండి" అంటే వినొద్దు. మందుల గురించి మీరు చెప్పకముందే అడిగినవాడే ట్రైనర్. సర్టిఫికెట్‌తో పాటు సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) వచ్చా అని కూడా అడగండి.

డాలస్ పద్మ:
ఇక్కడి రేట్లు భరించలేక విజయవాడ ఆవిడతో వీడియో కాల్‌లో చేస్తున్నాను. పెరుగన్నం మానేయమనదు, అదో సుఖం! కెమెరాకి ఒక పక్కే కనిపిస్తుంది కాబట్టి పెద్ద బరువులు మాత్రం పెట్టుకోం.

శ్రావణి_వైజాగ్:
ఇంకోటి. కొత్తలో ఒకట్రెండు రోజులు కండరాలు పట్టేయడం మామూలే. కీలులో పోటు వస్తే ఆపేయాలి. విపరీతమైన నొప్పులతో మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికే.

మియాపూర్ మూర్తి:
అందరికీ థ్యాంక్స్. మాత్ర పేరు చూశాను, బీటా బ్లాకరే. ఆదివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. నెలవారీకి జిమ్ వాళ్లు ఒప్పుకున్నారు గానీ ట్రైనర్‌ని వాళ్లే ఇస్తారట.

బెంచ్‌ప్రెస్ బాబాయ్:
ఒప్పుకోకండి. రెండు పూటలు వెళ్లి ఎవరెలా నేర్పుతున్నారో చూసి, మీరే పేరు చెప్పండి.