నిలువు టీవీలో రేట్ల పట్టిక పడుకుంది: తెరను ఎక్కడ తిప్పాలి?

చెరువు గట్టు (భీమవరం): మాది వనామి రొయ్యల కొనుగోలు కేంద్రం. 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు) నుంచి 100 కౌంట్ దాకా ఆ రోజు రేట్లను నిలువుగా బిగించిన టీవీలో చూపిస్తాం. టీవీని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు, పాత రాస్ప్‌బెర్రీ పై 3 పాడైతే పై 4 తెచ్చి, దాని ఆపరేటింగ్ సిస్టమ్ బుక్‌వార్మ్ వెర్షన్ ఎక్కించిన కొత్త మెమరీ కార్డు పెట్టాం. ఇప్పుడు పట్టిక పక్కకు పడుకుంది. రైతులు మెడ వాల్చి చదువుతున్నారు. ఎక్కడ సరిచేయాలి?

రాజోలు మాస్టారు: కాన్ఫిగ్.టీఎక్స్‌టీ ఫైలులో ఒక్క వరుస చాలు. డిస్‌ప్లే_రొటేట్=1 అని రాసి రీబూట్ చేయండి. 90 డిగ్రీలు తిరుగుతుంది. తలకిందులైతే 3 రాయండి.

వశిష్ఠ పాయ: మాస్టారూ, అది తెరను నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రాం నాటి మాట. 2021లో బుక్‌వార్మ్‌కు ముందటి వెర్షన్ బుల్స్‌ఐ వచ్చినప్పటి నుంచి కేఎంఎస్ డ్రైవరే నడుస్తోంది, అది ఆ వరుసను పట్టించుకోదు. గట్టు గారూ, మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో స్క్రీన్ కాన్ఫిగరేషన్ తెరవండి. హెచ్‌డీఎంఐ-ఏ-1 మీద ఓరియెంటేషన్ మార్చి అప్లై నొక్కండి.

కొబ్బరి తోట: టీవీనే తిప్పి బిగిస్తే పోలా?

చెరువు గట్టు: తిప్పి బిగించాకే ఈ గొడవండి.

రాజోలు మాస్టారు: మా ఊరి గ్రంథాలయంలో 2019 నుంచి ఆ వరుస మీదే తెర నిలబడి ఉంది. పట్టించుకోదని ఎలా అంటారు?

వశిష్ఠ పాయ: మీ కార్డులో 2019 నాటి సిస్టమే ఉంది కాబట్టి. ఆయన అడుగుతున్నది బుక్‌వార్మ్ గురించి.

రాజోలు మాస్టారు: ఆ బుక్‌వార్మ్‌లో ఫైలును కూడా దాచేశారు. బూట్ ఫోల్డరులో తెరిస్తే, ‘దీన్ని మార్చవద్దు, ఫైలు బూట్/ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లింది’ అని చీటీ కనిపిస్తుంది. ఇల్లు మారినవాడు తలుపుకు కాగితం అంటించిపోయినట్టు! పైగా మీ మెనూ పద్ధతిలో డెస్క్‌టాప్ వచ్చాకే తెర తిరుగుతుంది. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బూట్ అక్షరాలు అడ్డంగానే ఉంటాయి.

వశిష్ఠ పాయ: దానికి సీఎండీలైన్.టీఎక్స్‌టీ ఫైలు ఉంది. ఉన్న వరుస చివరే, ఎంటర్ కొట్టకుండా, వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1920ఎక్స్1080ఎం@60,రొటేట్=90 అని చేర్చాలి.

కొబ్బరి తోట: బూట్ అక్షరాలు ఏ రైతు చదువుతాడు?

రాజోలు మాస్టారు: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అందరూ చదువుతారు. ఒక్క వరుసతో అయ్యే పనికి రెండు చోట్ల మార్పులు. ఇదా అభివృద్ధి? కుర్రవాళ్లు కొత్తది వచ్చిందంటే చాలు, నడుస్తున్నదాన్ని పీకుతారు.

వశిష్ఠ పాయ: ఇక్కడ ఎవరూ ఏమీ పీకలేదు. ఆయన పాత బోర్డు పాడైంది. ఆరేళ్లుగా అప్‌డేట్ లేని కార్డును నెట్‌కు తగిలించి ఉంచింది మీరు.

రాజోలు మాస్టారు: ఆ కార్డుకు నేను ఒక్క రూపాయి తీసుకోలేదు. మూడు గ్రంథాలయాలకు, రెండు గుళ్లకు ఉచితంగా పెట్టాను. మీరు మెనూలో ఒక బొత్తాం నొక్కి ఎంత తీసుకుంటారో చెప్పండి.

వశిష్ఠ పాయ: వచ్చేశాం అసలు సంగతికి. నాకు ఇదే బతుకుతెరువు మాస్టారూ. పోయిన నెల ఒక రైస్ మిల్లులో తెర పెట్టి ఎనిమిది వందలు అడిగితే, ‘మాస్టారు ఊరికే చేస్తారుగా’ అన్నారు. రెండు గంటలు నిలబెట్టి మూడు వందలు చేతిలో పెట్టారు. మీకు పింఛను వస్తుంది. మీరు ఉచితంగా చేసిన ప్రతి పనీ నా కూలిలోంచి పోతోంది.

రాజోలు మాస్టారు: ఆ మిల్లువాళ్లకు నేనేమీ పెట్టలేదు.

వశిష్ఠ పాయ: పెట్టనక్కరలేదు. మీ పేరు చెబితే చాలు వాళ్లకు.

చెరువు గట్టు: మెనూలో మార్చాం, పట్టిక నిలబడింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. వశిష్ఠ గారూ, మీ ఫీజు ఎంతో చెప్పండి.

చెరువు గట్టు: సాయంత్రం టీవీ వెనక దుమ్ము దులిపాక మళ్లీ పడుకుంది. సెట్టింగు ఎవరూ ముట్టుకోలేదు.

రాజోలు మాస్టారు: పై 4కు రెండు చిన్న హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటాయి. కేబుల్ ఇప్పుడు ఏ రంధ్రంలో ఉందో చూడండి. వశిష్ఠ చెప్పిన సెట్టింగు ఒకటో దానికి.