పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ: లోపల ఎల్‌సీడీ పెట్టేద్దామా, అసలు సెట్టునే బతికిద్దామా?

తెనాలి_మనవడు:
పెద్దలందరికీ నమస్కారం. మా తాతగారింట్లో ఒక ఈసీ టీవీ (హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళది) ఉంది. 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్, చెక్క క్యాబినెట్, రెండు పక్కలకీ జరిగే షట్టర్లు. 84, 85 ప్రాంతంలో, మా వైపు సిగ్నల్ అందడం మొదలయ్యాక కొన్నారట. ఇల్లు అమ్మేస్తున్నాం, సామాను పంపకాల్లో టీవీ నా వాటాకి వచ్చింది (ఎవరూ అడక్కపోతే మిగిలింది అనాలి నిజానికి). ఎన్నో ఏళ్ళుగా ఆన్ చేసినవాళ్ళు లేరు. వైరు ఎవరో కోసేశారు, ఛానెల్ నాబ్ లేదు, ఎడమ షట్టర్ సగంలో ఇరుక్కుంది.

మా బావ ఏమంటాడంటే, లోపలిదంతా పీకేసి పాత 17 అంగుళాల మానిటర్ బిగిస్తే చక్కగా హాల్లో పెట్టుకోవచ్చని. చిన్నాన్న మాత్రం ‘దాన్ని పీకితే నాతో మాట్లాడొద్దు’ అన్నారు. నాకు ఎలక్ట్రానిక్స్ పెద్దగా రాదు. మీరైతే ఏం చేస్తారు?

సిరీస్‌ల్యాంప్:
బాబూ, ముందు ఒక మాట. కొత్త వైరు కలిపి ‘వస్తుందేమో చూద్దాం’ అని ప్లగ్గు పెట్టకు. ఏళ్ళ తరబడి కరెంటు ఎరగని సెట్టుకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే ముందు మెయిన్ ఫిల్టర్ కండెన్సర్ పోతుంది, దాని వెనకే లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతుంది, టైము బాగోకపోతే ఎల్‌ఓటీ (ట్యూబుకి వేల వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) కూడా పోతుంది.

ఇక నీ ప్రశ్న. ఎల్‌సీడీయా, అసలు సెట్టా అన్నది ఇష్టాయిష్టాల సంగతిలా అడిగావు. నా దృష్టిలో అది వెనక మూత తీశాక తేలే సంగతి. ఆ సెట్టులో మళ్ళీ సులువుగా దొరకనివి రెండే: పిక్చర్ ట్యూబు, ఎల్‌ఓటీ. మిగతా రెసిస్టర్లు, కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు, వాల్యూమ్ కంట్రోళ్ళు అన్నిటికీ ఏదో ఒక దారి ఉంటుంది. అప్పట్లో సౌండుకి విరివిగా వాడిన టీబీఏ810 ఐసీ లాంటివి కోఠీ గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఓపిగ్గా తిరిగితే పాత స్టాకులో దొరుకుతాయి. లైన్ అవుట్‌పుట్‌లో బీయూ205 ఉంటే దాని బదులు బీయూ208 వేసుకోవచ్చు.

మూత తీసి ట్యూబు మెడ దగ్గర చూడు. గాజు లోపల వెండి పూసినట్టు మెరిసే మచ్చ ఉంటుంది, గెటర్ అంటాం. అది మెరుస్తూ ఉంటే వ్యాక్యూమ్ ఉన్నట్టే. పాలలా తెల్లబడిందా, గాలి దూరింది, ఇక ఆ ట్యూబు గురించి మాట్లాడుకోవడం దండగ. గెటర్ బాగుంటే మెడ చివరి బేస్ ఊడదీసి హీటర్ (ట్యూబు లోపల వేడెక్కే తీగ) పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టు. చల్లగా ఉన్నప్పుడు మూడు నాలుగు ఓములు చూపిస్తే హీటర్ తెగలేదు. ఈ రెండూ సరిగ్గా ఉన్న సెట్టుని పీకేయమనే వాడికి నేను చెప్పేదేమీ లేదు.

కోఠీ_కుర్రాడు:
సిరీస్‌ల్యాంప్ గారంటే నాకు గౌరవం ఉంది, కానీ ఒకటి అడుగుతా. బతికించాక అందులో ఏం చూస్తారు సార్? దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2021–22 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి, సరిహద్దుల్లో అవసరం కోసం ఉంచిన కొన్ని తప్ప. డాబా మీద యాంటెన్నా ఎటు తిప్పినా వచ్చేది చుక్కలే. కాబట్టి ఎలాగూ ఫ్రీ డిష్ బాక్సు నుంచో ఫోన్ నుంచో వీడియో తీసి, మాడ్యులేటర్‌లో పెట్టి, దాన్ని ఒక దొంగ ఛానెల్‌గా మార్చి సెట్టుకి ఇవ్వాలి. అంటే మీ ‘ఒరిజినల్’ వెనక కూడా డిజిటల్ డబ్బానే కూర్చుంటుంది. మరి ఆ డబ్బాని లోపల పెడితే పాపం, బయట పెడితే పుణ్యమా?

ఇంకో సంగతి. 20 అంగుళాల ట్యూబు యానోడ్ (ఎక్కువ వోల్టేజీ అందే చోటు) మీద 15 వేల వోల్టుల పైన ఉంటుంది. అప్పటి చాలా సెట్లలో చాసిస్ (బోర్డులు బిగించిన లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కే తగిలి ఉంటుంది, ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజ్. తెనాలి బ్రదర్ తనకి ఎలక్ట్రానిక్స్ రాదని మొదటే చెప్పాడు. రాని మనిషిని దాంట్లో చెయ్యి పెట్టమనడం బాధ్యతగల సలహాయేనా?

నేను ఇలాంటివి మార్చి కేఫ్‌లకీ షూటింగులకీ ఇస్తుంటాను. నా చేతికి రాకపోతే వాటి గతేంటో రోజూ చూస్తున్నా. పాత సామాన్ల వాళ్ళు ట్యూబు మెడ విరగ్గొట్టి, యోక్‌లో (మెడ చుట్టూ ఉండే తీగచుట్టలో) రాగి లాక్కుని, సీసం ఉన్న గాజుని కాలవ గట్టున పారేస్తారు. నేనైతే కనీసం క్యాబినెట్టు బతికిస్తున్నా.

గోదారిగట్టు:
కేఫ్‌లో ఫోటో దిగడానికే అయితే ఎల్‌సీడీ ఎందుకండీ, ఓ పూలకుండీ పెట్టండి, కరెంటు బిల్లు కూడా రాదు.

అమరావతి_అరుణ:
నాకు ఇద్దరి మాటలూ నచ్చలేదు. అసలు దాన్ని పని చేయించి తీరాలని ఎందుకు అనుకుంటున్నారు?

ఈసీఐఎల్ సెట్టు అంటే మన దగ్గర మామూలు వస్తువు కాదు. 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది, అణుశక్తి శాఖ కింద. వాల్వులు లేని సాలిడ్ స్టేట్ టీవీలు దేశంలో మొదట తయారుచేసిన వాళ్ళలో వాళ్ళు ముందు వరసలో ఉన్నారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ చూపించారు కదా, సైట్ ప్రయోగం. కోళ్ళ గూళ్ళకి వాడే వల లాంటి దాంతో కట్టిన పదడుగుల డిష్షులు పెట్టారు. ఆ సెట్లు ఈసీఐఎల్‌వే. మన రాష్ట్రంలో తెలుగు కార్యక్రమాలు అలా పల్లెల్లో కనబడ్డ తర్వాతే, 1977లో, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఊళ్ళు ముందు, నగరం తర్వాత.

ఆ సంస్థ సెట్టులో ఉన్న ప్రతి కండెన్సరూ, దాని మీద అచ్చయిన కంపెనీ పేరూ సమాచారమే. కన్నూరులో చేసిన కెల్ట్రాన్ కండెన్సర్లు, బెంగళూరు బీఈఎల్ ట్రాన్సిస్టర్లు... ఆ కాలంలో టీవీ పరిశ్రమ ఎలా నడిచిందో ఆ బోర్డు మీద చదవొచ్చు. రిపేరు పేరుతో అవన్నీ పీకి కొత్తవి వేస్తే అది కూడా ఒకరకం పీకడమే. దుమ్ము తుడిచి, ఫోటోలు తీసి, వెనక మూత లోపల సర్క్యూట్ డయాగ్రం అంటించి ఉంటే స్కాన్ చేసి, అలాగే ఉంచండి. కరెంటు ఇవ్వకండి.

సిరీస్‌ల్యాంప్:
అరుణమ్మా, ఫోటోలు తియ్యమన్నావు చూడు, ఆ మాట బంగారం. రిపేరు మొదలుపెట్టే ముందు బోర్డు ప్రతి మూలా ఫోటో తీయాలి, పీకిన ప్రతి పార్టుకీ చీటీ కట్టి ఒక కవర్లో వేసి క్యాబినెట్‌లోనే ఉంచాలి. అంతవరకు ఒప్పుకుంటా.

కానీ కరెంటు ఇవ్వకపోతే భద్రంగా ఉంటుందన్నది నేను ఒప్పుకోను. వాడకపోయినా చెడిపోయేవి ఉంటాయి. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల ఆక్సైడ్ పొర వోల్టేజీ ఉంటేనే నిలబడుతుంది, ఏళ్ళు ఊరికే పెడితే పలచబడి లీకేజీ పెరుగుతుంది. కోస్తా తేమకి ఎల్‌ఓటీ చుట్టలో తడి చేరుతుంది. యానోడ్ రబ్బరు టోపీ బీటలు వారుతుంది. ఇక బల్లులు, ఎలుకలు సరేసరి. ఎలుక మూత్రం పడిన బోర్డు చూశావా ఎప్పుడైనా? రాగి ట్రాకు పచ్చగా పొడి పొడిగా లేచిపోతుంది. నువ్వు చదవాలంటున్న చరిత్రని అది తినేస్తోంది.

కుర్రాడి మాటకి కూడా జవాబు చెప్పాలి. సిగ్నల్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది నాకు లెక్కలేదు. బొమ్మ ఎలా పుడుతోందన్నదే నాకు లెక్క. ఒక్క ఎలక్ట్రాన్ పుంజం సెకనుకి 15,625 సార్లు అడ్డంగా పరిగెత్తి, 625 గీతలు గీసి, గాజు మీద పూసిన పొడిని వెలిగిస్తుంది. వర్టికల్ (పుంజాన్ని పైకీ కిందికీ నడిపే భాగం) పోయిందంటే తెర మధ్యలో ఒకే ఒక్క తెల్ల గీత మిగులుతుంది. అప్పుడు బ్రైట్‌నెస్ వెంటనే తగ్గించాలి, లేకపోతే ఆ గీత తెర మీద కాలిపోయి శాశ్వతంగా ఉండిపోతుంది. హోల్డ్ నాబ్ తిప్పుతూ జారిపోయే బొమ్మని నిలబెట్టడం నీ ఎల్‌సీడీలో ఎక్కడుంది? క్యాబినెట్టు ఫర్నిచరు బాబూ. టీవీ లోపల ఉంది.

ఒహాయో_రావు:
అమెరికాలో మా దగ్గర, ఒహాయోలోని హిల్యార్డ్‌లో ఎర్లీ టెలివిజన్ మ్యూజియం అని ఉంది, తిరిగే డిస్కుతో నడిచే 1920ల నాటి మెకానికల్ సెట్ల నుంచి మొదలవుతుంది. అక్కడ నడిచేలా చేసి చూపించే సెట్లు ఉన్నాయి. ఇక్కడి అభిరుచి గలవాళ్ళు కొందరు పాటించే పద్ధతి అరుణ గారికి నచ్చొచ్చు. పాత కండెన్సర్ డొల్లని జాగ్రత్తగా కోసి, లోపలి సరుకు తీసేసి, చిన్న కొత్త కండెన్సర్ దాంట్లో దూర్చి మూసేస్తారు. పైకి పాతదే, పేరు కూడా పోదు.

కానీ ట్యూబు విషయంలో సిరీస్‌ల్యాంప్ గారిదే కరెక్టు. పాత పిక్చర్ ట్యూబుల్లో కొత్త గన్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) వేసి తిరిగి కట్టే పని అమెరికాలో కూడా దాదాపు అంతరించింది. ఆ పని చేసే చివరి కంపెనీల్లో ఒకటైన హాక్‌ఐని 2010లో మూసేశారు. ఇండియాలో అడగనే అక్కర్లేదు.

మాడ్యులేటర్ గురించి ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో చాలావరకు అమెరికా పద్ధతివి, ఛానెల్ 3, 4 అని రాసి ఉంటుంది. ఫైన్ ట్యూనింగ్ తిప్పితే బొమ్మ పట్టుకోవచ్చు కానీ సౌండు రాదు. అక్కడ బొమ్మకీ సౌండుకీ మధ్య దూరం 4.5 మెగాహెర్ట్జ్, మనది 5.5. సెట్టు చెడిపోయిందనుకుని సౌండ్ సెక్షన్ విప్పేవాళ్ళు ఉన్నారు. మన పద్ధతి వీహెచ్‌ఎఫ్ మాడ్యులేటర్ అని అడిగి మరీ తీసుకోండి. పాత వీసీఆర్ పనికొస్తుందంటారు గానీ దాని అవుట్‌పుట్ సాధారణంగా యూహెచ్‌ఎఫ్‌లో (వీహెచ్‌ఎఫ్ కంటే పై ఫ్రీక్వెన్సీల్లో) ఉంటుంది, ఈ సెట్టు ట్యూనర్ వీహెచ్‌ఎఫ్ ఒక్కటే అయితే అందదు.

కోఠీ_కుర్రాడు:
రావు గారూ, మీరు చెప్పిందే నా వాదనకి బలం. ట్యూబులు తిరిగి కట్టే దిక్కు లేదు, ఎమిషన్ (ట్యూబు ఎలక్ట్రాన్లు వదిలే సత్తా) రోజురోజుకీ తగ్గేదే. మీ బతికించడం ఎన్నాళ్ళు?

నేను క్యాబినెట్టు కోయను. చాసిస్, ట్యూబు బోల్టులు విప్పి మొత్తంగా తీసి ఓనర్‌కి అప్పజెబుతా. కావాలంటే ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు.

గోదారిగట్టు:
అప్పజెప్పిన ట్యూబుల్లో ఇవాళ్టికి ఎన్ని అటక మీద ఉన్నాయో అడిగారా? పండగ శుభ్రాల్లో ఎన్ని బయటికెళ్ళాయో?

కోఠీ_కుర్రాడు:
అది ఓనర్ల తప్పు, నాది కాదు.

అమరావతి_అరుణ:
కుర్రాడు గారూ, తిరిగి బిగించుకునే వీలుందంటే ఆ వీలుని ఎవరో ఒకరు కాపాడాలి. పది కిలోల గాజు బుడ్డి, కింద పడితే పేలే వస్తువు, అద్దింట్లో ఎక్కడ పెడతారు? సెట్టు లోపల ఉన్నన్నాళ్ళే దానికి చోటు.

రావు గారు చెప్పిన డొల్ల పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. లోపలి సరుకు కూడా కవర్లో దాచితే ఇంకా మంచిది. అలా అయితే కరెంటు ఇచ్చినా సరే. తక్కువసేపే.

తెనాలి_మనవడు:
అందరికీ థాంక్స్. చిన్నాన్న, నేను కలిసి వెనక మూత తీశాం. గెటర్ మచ్చ అద్దంలా మెరుస్తోంది. హీటర్ దగ్గర మీటర్ నాలుగు ఓముల దగ్గర ఆగింది. బోర్డు మీద ఒక మూల బల్లి గుడ్ల పెంకులు, దుమ్ము తప్ప ఎలుకల ఆనవాలు లేదు. పెద్ద కండెన్సర్ ఒకటి పైభాగం ఉబ్బి ఉంది. యానోడ్ టోపీ గట్టిపడి అంచున చీలింది. సర్క్యూట్ డయాగ్రం మూత లోపల ఉంది, సగం చెద తినేసింది, ఉన్నంతవరకు ఫోటో తీశా. ఇప్పుడేం చెయ్యాలి? బావ ఇంకా మానిటర్ పట్టుకునే తిరుగుతున్నాడు.

సిరీస్‌ల్యాంప్:
బావకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు.

నువ్వు ఒంటరిగా మాత్రం చెయ్యకు. కుర్రాడు షాక్ గురించి అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తెనాలిలోనో గుంటూరులోనో పాత ట్యూబు టీవీలు చేసిన మెకానిక్ ఇంకా ఎవరో ఒకరు ఉంటారు, వెతికి పక్కన పెట్టుకో. యానోడ్ టోపీ తీసే ముందు డిశ్చార్జ్ చేయాలి. స్క్రూడ్రైవర్‌కి కట్టిన వైరు రెండో కొస ట్యూబు వెనక నల్లపూతకి ఆనుకుని ఉండే అల్లిక తీగకి తగిలించాలి, చాసిస్‌కి కాదు. చాసిస్‌కి తగిలిస్తే ఆ దెబ్బకి ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఉబ్బిన కండెన్సర్, దానితోపాటు సప్లైలో ఉన్న ఎలక్ట్రోలైటిక్‌లు మార్చండి. టోపీ మార్చండి. ఎల్‌ఓటీకి కాస్త ఎండ చూపించి తేమ ఆరనివ్వండి. ఆ తర్వాత ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసేది) మీద, సిరీస్‌లో 100 వాట్ల బల్బు పెట్టి ఆన్ చేయండి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే పర్లేదు. అదే వెలుగుతో నిలిచిందా, ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. మిగతా కండెన్సర్ల జోలికి రాస్టర్ (తెర నిండా వెలిగే గీతలు) వచ్చాక పోవచ్చు. అన్నీ ఒకేసారి మార్చేస్తే కొత్త తప్పు ఎక్కడ దూరిందో తేల్చుకోలేరు.

కోఠీ_కుర్రాడు:
నా అభిప్రాయం మారలేదు, రేపు ఎమిషన్ పోయాక ఏం చేస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. కానీ గెటర్ మెరిసే ట్యూబుని నేను కూడా పీకను, వ్యాపారమైనా సరే. బ్రదర్, ఛానెల్ నాబ్ లేదన్నావు కదా. నేను విప్పిన సెట్ల నాబ్‌లు ఒక డబ్బా నిండా ఉన్నాయి. షాఫ్టుకి ఒకవైపు చదునుగా ఉందా, పూర్తి గుండ్రమా, ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి ఫోటో పెట్టు, సరిపడేది ఉంటే పంపిస్తా. ఆ ఇరుక్కున్న షట్టర్ని మాత్రం లాగొద్దు. సాధారణంగా వెనకనున్న గుడ్డ పట్టీ ఊడి పుల్లలు అడ్డం పడతాయి, లాగితే విరుగుతాయి.

తెనాలి_మనవడు:
షాఫ్టు ఒకవైపు చదునే అన్నా, 6 మిల్లీమీటర్లు. ఫోటో కింద పెడుతున్నా. చిన్నాన్న మెకానిక్‌ని వెతికే పనిలో ఉన్నారు. మానిటర్‌ని బావ వాళ్ళింటికే తీసుకెళ్ళాడు.